శబ్దనిధి గదిలో మాట్లాడరాదు

మా కాలేజీ ఏ ఊళ్లో ఉందో చెప్పను. చెబితే మా ప్రిన్సిపాల్ గారెవరో తెలిసిపోతుంది. తెలిస్తే మిగతా ప్రిన్సిపాళ్లంతా ఇంత గొప్ప ఆలోచన మాకెందుకు తట్టలేదని కుమిలిపోతారు. కృష్ణకి ఇవతల, గుండ్లకమ్మకి అవతల అనుకోండి, చాలు.

మూడేళ్ల కిందట నాణ్యతా పరిశీలక బృందం వచ్చి మాకు ‘బి’ గ్రేడు ఇచ్చి పోయింది. కారణం, ‘వారసత్వ సంపద’ అన్న గడిలో మేం ‘వర్తించదు’ అని రాయడమే. పక్క ఊరి కాలేజీ వాళ్లు తమ చేదబావిని చూపించి ‘ఎ’ కొట్టేశారు. ఆ రోజు నుంచి మా ప్రిన్సిపాల్ డాక్టర్ కొమరగిరి త్రివిక్రమరావు గారు వారసత్వం కోసం కాలేజీ అంతా వెతుకుతూనే ఉన్నారు. చివరికి అది నేను టిఫిన్ క్యారియర్ పెట్టుకునే ఇనప బీరువాలో, కింది అరలో దొరికింది.

"భైరవమూర్తి గారూ, ఇవేమిటి?"

"క్యాసెట్లండి. ఏటా ఉగాదికి మన కాలేజీలో కవి సమ్మేళనం జరుగుతుంది కదా, డెబ్భై రెండు నుంచి రెండువేల మూడు దాకా రికార్డు చేశారు. ఏడాదికొకటి, మొత్తం ముప్పై రెండు."

"కాదు. వారసత్వం," అన్నారాయన, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

వారం తిరక్కుండా జంతుశాస్త్రం వాళ్ల గది ఖాళీ అయింది. సీసాల్లో ఉన్న కప్పలు వరండాలోకి వచ్చాయి, క్యాసెట్లు లోపలికి వెళ్లాయి. ఏసీ పెట్టారు, అద్దాల తలుపు పెట్టారు, ‘శబ్దనిధి’ అని బోర్డు పెట్టారు. తెలుగు లెక్చరర్నయిన నన్ను, ఉన్న పనులకు అదనంగా, శబ్దనిధి సంరక్షకుడిగా నియమించారు. తాళంచెవి నా జంధ్యానికి కట్టుకోమని సలహా కూడా ఇచ్చారు.

సాంకేతిక సలహాకి రిటైరైన ఫిజిక్సు రీడరు లక్కరాజు గారిని పిలిపించారు. ఆయన ఒక క్యాసెట్టుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. "టేపు తిప్పిన ప్రతిసారీ దాని మీది పూత కాస్త రాలుతుందండీ. అందుకని ఆలస్యం చెయ్యకుండా కంప్యూటర్లోకి ఎక్కించెయ్యాలి," అన్నారు.

"ఎక్కించాలంటే?"

"ఒకసారి ప్లే చెయ్యాలి."

"అంటే ఒకసారి రాలుతుంది."

"ఏదో, ఇసుమంత."

"నా హయాంలో రాలదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. "శబ్దనిధి యందలి క్యాసెట్లను వినుట, వినిపించుట, వినుటకు ప్రయత్నించుట, విన్నట్లు నటించుట తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు నిషేధించడమైనది." అందరం సంతకాలు పెట్టాం. వినని క్యాసెట్టు అరగదు. అరగకపోతే అది శాశ్వతం. ఇందులో తప్పు పట్టడానికేముంది చెప్పండి?

తర్వాత వెలుతురు తగిలితే చెడతాయేమోనని నల్ల తెరలు వచ్చాయి. చేతి చెమట తగులుతుందేమోనని ముట్టుకోవడం మానేశాం. ఆ పైన ప్రిన్సిపాల్ గారికి ఒకనాడు భోజనాల వేళ కొత్త అనుమానం వచ్చింది. లోపల ఉన్నది శబ్దం కదా, బయటి శబ్దం వెళ్లి దానికి తగిలితే?

"అలా జరగదండీ," అన్నారు లక్కరాజు గారు.

"జరగదని రాసి సంతకం పెడతారా?"

పెన్షన్ తీసుకునే మనిషి సంతకమంటే వెనకాడతాడు. లక్కరాజు గారు పెట్టలేదు. మర్నాటి నుంచి శబ్దనిధికి యాభై మీటర్ల లోపు పద్యాలు చదవడం నిషిద్ధమైంది. నా క్లాసు ఆ యాభై మీటర్లలోనే ఉంది. కాబట్టి బోర్డు మీద పద్యం రాసి, పెదాలు ఆడించి, చేతులతో భావం చెప్పాను. ఆ ఏడాది తెలుగులో నూటికి నూరు మంది పాసయ్యారు.

ఉగాది వచ్చింది. కవి సమ్మేళనం జరిగే హాలు శబ్దనిధికి ఆనుకునే ఉంటుంది. సమ్మేళనం మానేద్దామని నేనన్నాను. సంప్రదాయాన్ని ఆపడానికి మనమెవరం అని ప్రిన్సిపాల్ గారు కోప్పడ్డారు. నిశ్శబ్దంగా జరిపాం. పదకొండు మంది కవులు వరసగా వచ్చి, ఆపేసిన మైకు ముందు నిలబడి, పెదాలు కదిలించి వెళ్లారు. ప్రేక్షకులకి అట్టముక్కలు పంచాం. ఒకదాని మీద ‘ఆహా’, ఇంకోదాని మీద ‘మళ్లీ చదవండి’. ఒక కవికి ‘మళ్లీ చదవండి’ మూడుసార్లు లేచింది, పాపం ఆయన మూడుసార్లూ పెదాలాడించి కన్నీళ్లు పెట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, మా ఊరి కవుల్లో కొందరు నాకు ఆ రోజే మొదటిసారి నచ్చారు. ప్రిన్సిపాల్ గారి అధ్యక్షోపన్యాసం మాత్రం మైకులోనే సాగింది, గంటా పది నిమిషాలు. అది కవిత్వం కాదు గనుక దానికి మినహాయింపు ఉంది.

ఇంత చక్కగా సాగుతున్న పనిలోకి, జూన్‌లో ఒక సోమవారం పొద్దున, వైదేహి గారు వచ్చారు.

అరవై ఏళ్లుంటాయి. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారట. కళ్లలో ఇంకా చదువుకునే పిల్ల చురుకుంది. వరండాలో కప్పల సీసాల పక్కన బల్ల మీద కూర్చుని విషయం చెప్పారు.

"ఎనభై అయిదు ఉగాదికి, డిగ్రీ ఆఖరేడు చదువుతా ఇక్కడే ఒక కవిత చదివాను సార్. జన్మలో అదొక్కటే రాసింది. మా అమ్మ మీద. మొదలు గుర్తుంది, ఆఖరి చరణం పోయింది. ఎంత తన్నుకున్నా రావట్లేదు."

"కాగితం?"

"మా అమ్మే అప్పడాల కింద పరిచింది. చదువు రాదుగా, ఏ కాయితమైనా కాయితమే. అప్పడాలతో పాటు అదీ పోయింది," అని నవ్వారు. నవ్వుతూనే కళ్లొత్తుకున్నారు. "ఆ రోజు కవులందరికీ పులిహోర కలిపింది కూడా మా అమ్మే సార్. వెనక వంట దగ్గరుండిపోయింది, ఒక్క ముక్క వినలా. ఇప్పుడు ఎనభై మూడొచ్చాయి. చెవులు ఒక్కొక్కటే మూతబడతన్నాయి. రోజూ అడుగుతంది, నా మీద ఆఖర్న ఏం రాశావే అని. వినపడతన్నప్పుడే వినిపించాలి సార్. నాలుగు లైన్లు."

మొదలెలా ఉందని అడిగాను. గొంతు తగ్గించి చెప్పారు, యాభై మీటర్ల నిబంధన నేను ముందే చెప్పాను గనుక.

"మా అమ్మకి అక్షరాలు రావు,
అయినా గోడ నిండా ఆమె సంతకమే.
ప్రతి పిడక మీదా అయిదు వేళ్లు,
ఎండేకొద్దీ స్పష్టంగా."

నా మనసు కరిగి నీరైపోయింది. కరిగి, ఫారం తెచ్చి ఇచ్చాను.

ఫారంలో ఇరవై రెండు గళ్లున్నాయి. వినదలచిన వారి పేరు, వినుటకు కారణం, గతంలో ఏమైనా విని ఉన్నచో వివరములు, గొంతు యజమాని అనుమతి మూడు ప్రతులు. వైదేహి గారు తనకు తాను అనుమతి ఇచ్చుకుంటూ మూడు ప్రతులు రాశారు. నేను ఆవిణ్ణి ప్రిన్సిపాల్ గారి గదిలోకి తీసుకెళ్లాను.

ఆయన ఆధార్ కార్డు చూశారు. "ఇందులో కొల్లా వైదేహి అని ఉంది. క్యాసెట్టు మీద నూతక్కి వైదేహి."

"పెళ్లయింది సార్."

"మీకైంది. కవితకి కాలేదు కదమ్మా."

"గొంతు పోల్చి చూసుకోండి సార్."

"పోల్చాలంటే పెట్టాలి. పెట్టాలంటే పోల్చి ఉండాలి. పోనీ, కవిత మొత్తం ఒప్పజెప్పండి. ఆసాంతం వస్తే మీదేనని ధ్రువీకరించి, వినడానికి సిఫార్సు చేస్తాను."

"ఆసాంతం వస్తే నాకు క్యాసెట్టెందుకు సార్?"

ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగిపోయింది. ఫైల్లో స్వదస్తూరీతో రాసుకున్నారు: "దరఖాస్తుదారు తనకు సదరు క్యాసెట్టు అవసరం లేదని మౌఖికంగా అంగీకరించిరి."

ఆవిడ మానలేదు. ప్రతి సోమవారం వచ్చి కప్పల పక్కన కూర్చునేవారు. పదకొండింటికి ఫోను మోగేది. అవతలి నుంచి వాళ్లమ్మ సీతారావమ్మ గారి కేక నాకు కూడా వినపడేది. "దొరికిందటే? ఇంకా లేదా? ఏం మనుషులే వాళ్లు? వాళ్లకి నేను పెట్టిన పులిహోర అరిగిందంట్నా, అడుగు!" నేను తల వంచుకుని అటెండెన్సు రిజిస్టరు చూసుకునేవాణ్ణి. సిగ్గేసేది. అయినా జీతగాణ్ణి కదా, సిగ్గు కూడా సర్వీసు రూల్సు ప్రకారమే పడాలి.

సెప్టెంబరులో పరిశీలక బృందం మళ్లీ వచ్చింది. దాని అధ్యక్షురాలు కీళ్లనొప్పుల పెద్దావిడ, వేరే విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. శబ్దనిధి చూసి ముచ్చటపడింది. తెరలు చూసింది, థర్మామీటరు చూసింది, సర్క్యులర్లు బైండు చేసిన పుస్తకం చూసింది.

"బాగుంది. ఏదీ, ఒకటి పెట్టండి, విందాం."



"మేడమ్, వీటి గొప్పతనమే వినకపోవడం," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"విననిదానికి మార్కులెలా వేస్తానండీ?"

మార్కులన్న మాట వినగానే తీర్మానం నిలువుకాళ్ల మీద తయారైంది. "విశేష పరిస్థితుల దృష్ట్యా, ఏకైక పర్యాయం, ముందు ముందు దీనిని ఆనవాయితీగా పరిగణించరాదను షరతుపై..." ఏ క్యాసెట్టు అన్నది సంరక్షకుడి ఇష్టం అన్నారు. నేను ఎనభై అయిదుది తీశాను. ఆ రోజు సోమవారం. వరండాలోకి పరుగున వెళ్లి వైదేహి గారిని లోపలికి తీసుకొచ్చాను. ‘లబ్ధిదారు’ అని పరిచయం చేశారు ప్రిన్సిపాల్ గారు, అదే నోటితో.

కాలేజీ మొత్తంలో క్యాసెట్టు తిప్పే యంత్రం లేదన్న సంగతి అప్పుడే బయటపడింది. సెంటర్లో దర్జీ దుకాణం నుంచి ఒక పాత టేపురికార్డరు వచ్చింది, దాని మీద దారప్పోగులతో సహా. తెల్ల గ్లౌజులు తొడుక్కుని నేను బటన్ నొక్కాను.

"హలో, హలో. మైక్ టెస్టింగ్. ఒకటి, రెండు..." ఆ తర్వాత అప్పటి ప్రిన్సిపాల్ గారి అధ్యక్షోపన్యాసం, ఇరవై నిమిషాలు. ముఖ్య అతిథి పరిచయం. ముఖ్య అతిథి తనను తాను ఇంకోసారి చేసుకున్న పరిచయం. శాలువాలు. ఎట్టకేలకి, "ఇప్పుడు మన కళాశాల విద్యార్థిని, చిరంజీవి నూతక్కి వైదేహి, తన కవిత ‘వేలిముద్ర’ వినిపిస్తుంది."

వైదేహి గారు పెన్ను పట్టుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని ముందుకి వంగారు.

టక్.

తర్వాత చప్పట్ల కొస ఒకటి వినపడింది. "ధన్యవాదాలు. చాలా బాగుంది. తరువాత..." టక్. "ధన్యవాదాలు." టక్. క్యాసెట్టు అయిపోయింది. మధ్యలో ఎక్కడా ఒక్క కవితా లేదు. ఇంకో నాలుగు క్యాసెట్లు అక్కడక్కడా తిప్పి విన్నాం, ఎలాగూ పరువు పోయాక పూత పోతే ఏమిటని. అన్నీ అంతే. ముప్పై రెండేళ్ల కవి సమ్మేళనాల్లో కవుల గొంతు ఎక్కడా లేదు. వైదేహి గారు కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. ఆవిడ ముఖం చూడలేక నేను క్యాసెట్టు వంక చూశాను. చీటీ కింద సన్నగా రాసి ఉంది: ‘రికార్డింగు: షేక్ ఖాసింవలి’.

ఖాసింవలి మా కాలేజీ పాత ఎలక్ట్రీషియన్. రిటైరై బస్టాండు వెనక మిక్సీలు బాగుచేస్తున్నాడు. స్కూటరు మీద వెళ్లి, విప్పిన మిక్సీతో సహా తీసుకొచ్చాను.

"ఏమయ్యా, కవితలేవీ?" అని గుడ్లురిమారు ప్రిన్సిపాల్ గారు.

"ఏడాదికొక్క క్యాసెట్టే ఇచ్చేవోళ్లు సార్, గంటది," అన్నాడు ఖాసింవలి, మిక్సీ ఒళ్లో పెట్టుకుని. "పెద్దోళ్ల ఉపన్యాసం ఒక్క ముక్క పోయినా నీ ఉద్యోగం పోద్దని అప్పటి ప్రిన్సిపాల్ గారు గట్టిగా చెప్పారు. అవన్నీ పట్టాలంటే యాడో ఒక చోట మిగల్చాలిగా. కవిత్వం రాంగానే ఆపేవోణ్ణి."

"ఆపేసి ఏం చేసేవాడివి?" అన్నాను నేను, ఊరికే.

"నాకేం పనుంటది సార్? ఇనేవోణ్ణి."

"గుర్తున్నాయా?"

"ఎందుకుండవ్? మిక్సీల కాడ కూసుని రోజూ అయ్యే అనుకుంటా ఉంటాగా."

అధ్యక్షురాలు ఒకటి చెప్పమంది. డెబ్భై ఎనిమిదిలో ఎవరో పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం మీద చదివిన కవిత ఎత్తుకున్నాడు. రాత్రంతా మంట కాసే మనిషి దగ్గుతో మొదలై, ఆ దగ్గుతోనే ముగిసే కవిత. అదే విరుపు, అదే ఊపు, మధ్యలో ఆ కవి నీళ్లు తాగిన చోట తనూ ఆగాడు. పెద్దావిడ కళ్లజోడు తీసేసింది. మా ప్రిన్సిపాల్ గారే ‘ఆహా’ అనేశారు, నోటితో.

వైదేహి గారు లేచి నిలబడ్డారు. "ఎనభై అయిదు, ‘వేలిముద్ర’..."

"గుర్తుందమ్మా. ఆకుపచ్చ ఓణీ ఏసుకొచ్చి, కాయితం వణకతంటే రెండు చేతుల్తో పట్టుకున్నావ్," అని ఖాసింవలి గొంతు సవరించుకున్నాడు.

"ఆగండి!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నా గ్లౌజు లాక్కుని తొడుక్కుని, ఆ చేత్తో ఆయనే ఖాసింవలి నోరు మూసి, మూలన కూర్చున్న లక్కరాజు గారి వైపు తిరిగారు. "లక్కరాజు గారూ! మనిషి జ్ఞాపకం అరుగుతుందా?"

"ఎనభై దగ్గర పడుతున్న మనిషి కదండీ, ఎప్పటికైనా మరుపు రావచ్చు. అందుకే ఇప్పుడే అన్నీ చెప్పించుకుని..."

"రావచ్చన్నారు, విన్నారుగా. ఇక ఒక్క అక్షరం వాడడానికి వీల్లేదు."

"జీవ శబ్దనిధి! దేశంలో ఇంకెక్కడా చూడలేదండీ," అని అధ్యక్షురాలు గడిలో ‘ఎ’ వేసి, పైన ఒక ప్లస్ పెట్టి, భోజనానికి వెళ్లింది.

పావుగంటలో ఖాసింవలి ముప్పై మూడో వస్తువయ్యాడు. ఏసీ గదిలో కుర్చీ వేసి, శాలువా కప్పి, మెడలో నంబరు చీటీ తగిలించారు. అద్దం మీద ‘మాట్లాడించరాదు’ అని అంటించారు. అటువైపు ఆయన మిక్సీ బిగించుకుంటూ, ఇటువైపు వైదేహి గారు అద్దానికి నుదురానించి.

"సార్, నాలుగు లైన్లు. మీ కాళ్లు పట్టుకుంటా," అన్నారావిడ.

"అమ్మా, నలభై ఏళ్లు ఆగారు. ఇంకొన్నాళ్లాగితే ఇవి కాపీరైటు దాటిపోతాయి, అప్పుడు మీరెవరో కూడా అడగం," అన్నారు ప్రిన్సిపాల్ గారు దయగా.

నాలుగున్నర దాటింది. ఖాసింవలి అద్దం మీద వేలితో తట్టాడు. "సార్, నమాజుకెల్లాలి."

ప్రిన్సిపాల్ గారు సర్క్యులర్ల పుస్తకమంతా తిరగేశారు. వస్తువు నమాజుకి వెళ్లకూడదని ఎక్కడా లేదు. వస్తువు బయటికి వెళ్లాలంటే సంరక్షకుడు వెంట ఉండి ‘తాత్కాలిక తరలింపు’ రిజిస్టరులో సంతకం పెట్టాలని మాత్రం ఉంది. పెట్టాను. తిరిగి వచ్చు సమయం అన్న గడి ఖాళీగా వదిలాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను గడి ఖాళీగా వదలడం అదే మొదలు. రిటైర్మెంటుకి పదకొండు నెలలుంది.

నమాజయ్యాక ఖాసింవలి చెప్పులేసుకుంటూ అడిగాడు, "ఇప్పుడు యాడికి సార్? గదిలోకేనా?"

మసీదు బయట, నేను ముందే పిలిచి పెట్టిన ఆటోలో వైదేహి గారు కూర్చుని ఉన్నారు.

"ఎక్కు ఖాసిం," అన్నాను.

దారిలో ఖాసిం చెప్పబోతే ఆవిడే ఆపారు. "వద్దు. అమ్మ దగ్గరే చెప్పు. నేనూ అక్కడే వింటా."

సీతారావమ్మ గారు మంచం మీద కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఈళ్లేనా ఆ కాలేజీ మారాజులు?"

"అమ్మా, నీ కవిత తెచ్చా," అని వైదేహి గారు వినపడే చెవి వైపు కూర్చోబెట్టారు ఖాసింవలిని. ఆయన మెడలో చీటీ తీసి జేబులో పెట్టుకుని, మొదటి నుంచీ చెప్పి, చివరికొచ్చాడు.

"రేపు నేనే ఉద్యోగం చేసినా
కాగితాల మీద నా సంతకం చూసి మోసపోకండి.
నన్ను వెనక్కి తిప్పి చూడండి,
బడికి పోనన్ననాడు మా అమ్మ
వీపు మీద వేసిన అయిదు వేళ్లు.
నా చదువుకి సాక్షి సంతకం అదే."

వైదేహి గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. ముసలావిడ మాత్రం చిక్కుడుకాయలు పక్కకి నెట్టింది.

"అంటే, నేను కొట్టిన సంగతి ఊరందరి ముందూ చదివావటే!"

"చదివానమ్మా."

"జనం ఏమన్నారు?"

"చప్పట్లు కొట్టారమ్మా," అన్నాడు ఖాసింవలి. "నేనూ కొట్టా. అందుకే బటన్ నొక్కటం ఆలస్యమైంది."

"ఇంకోసారి చెప్పు నాయనా."

చెప్పాడు. ఇంకోసారంది. మళ్లీ చెప్పాడు. నేను లెక్కపెట్టాను, సంరక్షకుణ్ణి కదా. పదకొండుసార్లు. పదకొండోసారి కూడా ఒక్క అక్షరం రాల్లేదు. ఈలోగా నా ఫోను మోగింది.

"భైరవమూర్తి గారూ, ముప్పై మూడు ఎక్కడుంది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు కంగారుగా.

"వాడుతున్నాం సార్," అని పెట్టేశాను.

ఇటు తిరిగేసరికి సీతారావమ్మ గారు మంచం దిగి నిలబడి ఉంది. "ఏదే, ఎనక్కి తిరుగు," అంది కూతుర్ని. అరవై ఏళ్ల మనిషి బుద్ధిగా తిరిగింది. ముసలావిడ కొంగు పక్కకి జరిపి, వీపు మీద జాకెట్టు అంచు లాగి, కళ్లు చికిలించి చూసింది.

"ఏం లేదు గదే! పోయినట్టుందే!"

"యాభై ఏళ్లయిందమ్మా."

"అయితే కదలకుండా నిలబడు," అని చెయ్యెత్తి, ఒక్కటిచ్చింది.